నేలకు పెట్టిన తోడు

నూకరత్నానికి అన్నిటికన్నా పెద్ద భయం, తన పిల్ల ఆ మట్టి తింటుందని. తిన్నది కడుపులోకి పోయి రాయిలా గట్టిపడుతుందని. తుఫానుకి ఆమె అంతగా భయపడదు. వస్తుంది, కప్పు ఎగరగొడుతుంది, పోతుంది. చేపల వేటకెళ్ళిన మొగుడు సింహాద్రి పొద్దెక్కినా రాకపోతే గుండె దడదడలాడుతుంది గానీ, ఆ దడ పర్రపేటలో ఆడవాళ్ళందరికీ ఉన్నదే. మట్టి భయం మాత్రం ఆమె ఒక్కదానిదే. అందుకే అందరూ నవ్వేవారు.

పిల్ల పేరు మోక్షిత. పాకే వయసు. ఆ వయసు పిల్ల చేతికందింది నోట్లో పెట్టుకోకుండా ఉంటుందా? అందుకని రత్నం దాన్ని కిందికి దించేది కాదు. అన్నం వారుస్తున్నా చంకలోనే, చేపలు తోముతున్నా చంకలోనే.

"కోతిపిల్లలాగ ఎప్పుడూ అంటించుకునే తిరుగుతావేంటే? నేల మీద ఒదులు, కాళ్ళొస్తాయి" అనేది అత్త ఆదెమ్మ.

"నేల బాగుంటే ఒదుల్తాను అత్తా."

"నేలకేం మాయరోగం? మేవందరం దీని మీద పాకినోళ్ళం కాదేంటి?"

నేలకు నిజంగానే రోగం వచ్చింది. అది పుట్టిన చోటు రత్నం కళ్ళారా చూసింది.

పర్రపేటకు ఒక పక్క ఉప్పుటేరు, రెండో పక్క రేవు గోడ. గోడ అవతల గ్యాసు ట్యాంకులు, వాటికీ గోడకీ నడుమ కొత్త గిడ్డంగుల కోసం వదిలిన ఖాళీ స్థలం. అక్కడిదంతా నల్లటి మెత్తటి బంకమట్టి. మనిషి నిలబడితే మోకాళ్ళ దాకా దిగిపోతాడు. దాని మీద గిడ్డంగి నిలవాలంటే ముందు నేల గట్టిపడాలి. వెనకటి రోజుల్లో అలాంటి చోట సిమెంటు దింపేవారు, ఇసక స్తంభాలు దింపేవారు. ఈ కంపెనీ ఒక పురుగును దింపింది. కంటికి కనపడని పురుగు.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన రత్నానికి ఆ కంపెనీ ల్యాబులో పని దొరికింది. నేల తుడవాలి, గాజు తొట్లు కడగాలి. పిల్లని చంకలో పెట్టుకుని వస్తానంటే ల్యాబు చూసే వైదేహి మేడం సరేనంది. ఆ పురుగును పెంచింది ఆవిడే.

ఒకనాడు వైదేహి ఒక తొట్టినిండా బంక పోసి, సీసాలోంచి గోధుమరంగు జావ చెంచాడు తీసి అందులో కలిపింది. అప్పటికి ఆ బంక వేలు పెడితే వేలు మునిగేటట్టుంది. మర్నాడు రత్నాన్ని పిలిచి, "చెయ్యి పెట్టి చూడు" అంది.

రత్నం వేలితో పొడిచింది. గోరు విరిగింది. పైన పచ్చటి నీరు తేరుకుని ఉంది, దాని మీద జిగట తెట్టు.

"పెరుగు తోడుకున్నట్టే ఉందండి మేడం గారూ."

వైదేహి పకపకా నవ్వింది. "మేం దీనికి చాంతాడంత పేరు పెట్టుకున్నాం. తోడు అంటే సరిపోయేది."

ఆ రోజు నుంచి ల్యాబులో అందరూ దాన్ని తోడనే అన్నారు. రత్నం ఆ రోజు నుంచి పెరుగు తినడం మానేసింది. తొట్టి కడిగేటప్పుడు వచ్చే కంపు అలాంటిది. చంటిపిల్ల కక్కిన పాలను మురిగిన గుడ్డులో కలిపి ఎండకు పెట్టినట్టు. సబ్బుతో రుద్దుకున్నా గోళ్ళ సందుల్లో ఉండిపోయేది. అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ కంచంలో పెట్టేసేది.

ఇంటికొచ్చి ఆ సంగతి కథలాగ చెప్పింది. కాస్త వేస్తే చాలు, తొట్టంతా తోడుకుపోతుంది, ఆ తోడుకున్న దాంట్లోంచి కాస్త తీసి ఇంకో తొట్టిలో వేస్తే అదీ తోడుకుంటుంది అని. ఆదెమ్మ ముక్కున వేలేసుకుని వింది. విని మర్చిపోయే మనిషి కాదు ఆవిడ.

గోడ అవతల యంత్రాలు దిగాయి. ఒక్కో యంత్రానికీ తాటిచెట్టంత గొట్టం. ఆ గొట్టం నేలలోకి దిగి, అడుగు నుంచి పైదాకా తోడు పోసుకుంటూ వచ్చేది. పోసిన చోట నేల కొయ్యబారిపోయేది. కానీ నేలలోకి అంత సరుకు కూరితే, అక్కడ అంతకు ముందున్న మట్టి ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. మెత్తటి మట్టి. పక్కకి జరిగింది.

పర్రపేటలో ముందు తెలిసింది ముగ్గుల వల్ల. పొద్దున వేసిన ముగ్గు సాయంత్రానికి రెండు ముక్కలై, ఒక ముక్క పక్కకి జరిగి ఉండేది. తర్వాత నూతి ఒరలు ఒకదాని మీంచి ఒకటి తప్పుకున్నాయి. కరెంటు స్తంభాలు ఏటి వైపు ఒరిగాయి. మరుగుదొడ్ల తలుపులు పడటం మానేశాయి. ఆడవాళ్ళు ఒకరికొకరు కాపలా నిలబడి వెళ్ళాల్సి వచ్చేది.

"మన పేట ఏరు చూడ్డానికి బయల్దేరిందే" అంటూ ఆదెమ్మ హాస్యమాడేది.

ఆ తర్వాత ఇళ్ళ మధ్య నేల పొంగింది. పొంగిన చోట పగిలి, ఆ పగుల్లోంచి బూడిదరంగు మట్టి, టూత్‌పేస్టు నొక్కితే వచ్చినట్టు, చుట్టలు చుట్టలుగా బయటికొచ్చింది. దాని వెనకే పచ్చటి నీరు. అదే కంపు. రత్నం ల్యాబులో వదిలేసి వచ్చాననుకున్న కంపు ఇప్పుడు వాకిట్లో ఉంది, చాపలో ఉంది, పిల్ల జుట్టులో ఉంది.

ఆ మట్టి వెన్నలా ఉండేది. ఇసక పలుకన్నది లేదు. శుక్రవారం పొయ్యి అలకడానికి ఆదెమ్మ ఒక దోసెడు తీసుకుంది. పేడ కలపలేదు, ఊక కలపలేదు. అలికిన పొయ్యి సాయంత్రానికల్లా నల్లరాయిలా నిగనిగలాడింది. ఒక్క బీట లేదు.

"చూశావా, నీ కంపెనీ మట్టి పనికొచ్చింది" అంది కోడలితో.

"అత్తా, అది పురుగు. ముట్టుకోకు."

"పెరుగులో లేదా పురుగు? తింటన్నాం కదా."

వారం తిరిగేసరికి పేటంతా అదే. పక్కింటివాళ్ళు గిన్నె పట్టుకుని వచ్చేవారు, "కాసింత తోడు పెట్టు ఒదినా" అని. పొంగు దాకా పోనక్కర్లేదు, ఏటి గట్టున దొరికే మామూలు బంకలో ముద్దంత కలిపితే చాలని రత్నం చెప్పిన కథలోంచి ఆదెమ్మ పట్టేసింది. గోడలు అలికారు, అరుగులు అలికారు, ఇళ్ళల్లో పగిలిన నేలను దానితోనే పూడ్చారు. ప్రతి ఇంటి కిందా కొంత గట్టి, కొంత మెత్తన. గట్టిపడిన చోట ఇల్లు ఆగింది, మెత్తటి చోట జరిగింది. ఇళ్ళు వంకర్లు తిరగడం మొదలైంది అప్పుడే.

ఆ రోజుల్లోనే ఆడబిడ్డ మంగతాయారు పురిటికని పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. మొగుడు ఈశ్వర్ గోడ అవతల గొట్టం యంత్రం నడుపుతున్నాడు కాబట్టి రోజూ కనిపిస్తాడని మురిసిపోయేది. వచ్చిన రెండో పూటే పొయ్యి అంచు గోటితో గిల్లి పెచ్చు నోట్లో వేసుకుంది.

రత్నం గబగబా దగ్గరికొచ్చింది. "ఉమ్మెయ్యి. మంగా, ముందు ఉమ్మెయ్యి."

"ఉప్పుప్పగా చల్లగా భలే ఉంది ఒదినా." మంగ పళ్ళ మధ్య కరకరమంది. "నువ్వు తిన్లేదేంటి మోక్షిత కడుపులో ఉన్నప్పుడు?"

"తిన్లేదు."

"అబద్ధం. మనోళ్ళల్లో తినని ఆడదుందా?"

ఆదెమ్మ చేపల గంప దించుకుంటూ, "నేనూ తిన్నాను, సింహాద్రి కడుపులో ఉన్నప్పుడు. అందుకే ఆడంత మొండోడు" అంది. అందరూ నవ్వారు. రత్నం నవ్వలేదు. మంగ పెదాలకంటిన బూడిదరంగు చూడలేక మొహం తిప్పుకుంది. పిల్ల మంగ చేతివైపు చెయ్యి చాచబోతే గబుక్కున వెనక్కి లాక్కుంది. ఆ రోజు నుంచి మంగ పెచ్చులు గిల్లుతుంటే రత్నం వంటింట్లోంచి లేచి బయటికి పోయేది. కంపు ఒకటీ, ఆ కరకర ఒకటీ, రెండూ భరించలేకపోయేది. ఒకటి రెండుసార్లు గట్టిగా తిట్టింది. తర్వాత తిట్టడం మానేసి చూడటం కూడా మానేసింది.

ఒక మధ్యాహ్నం ల్యాబులో నేల తుడుస్తోంది. సైటు ఇంజనీరు నళినీకాంత్ లోపలికొచ్చి గోడ మీది పటం దగ్గర నిలబడ్డాడు. వైదేహి అతనితో గొడవ పడుతోంది.

"ఇళ్ళ వైపు నుంచి మొదలుపెట్టి ట్యాంకుల వైపు వెళ్ళమన్నాను. మీరు తిరగేసి చేస్తున్నారు."

"ట్యాంకులు వేలెడు కదిలితే ఊరు ఊరంతా పేలిపోతుంది మేడం. అటు నుంచి మొదలుపెట్టి ఇటు నెట్టుకుంటూ వస్తే మట్టంతా ఇటు పోతుంది. పోనివ్వండి. ఇటు పెద్దగా ఏమీ లేదు."

రత్నం చేతిలోని తడిగుడ్డ ఆగిపోయింది. ఆమె కూడా అంతే, గది ఆ మూల నుంచి మొదలుపెట్టి మురికి నీళ్ళను గుమ్మం వైపు నెట్టుకుంటూ వస్తుంది. గుమ్మం బయట ఎవరి కాళ్ళకు తగుల్తాయో ఎప్పుడూ చూసుకోలేదు.

"ఇటంటే మేమేనా అండి?" అంది.

నళినీకాంత్ అప్పుడే అక్కడొక మనిషి ఉందని చూసినట్టు చూశాడు. "నీకెందుకమ్మా? నీ పని నువ్వు చూసుకో. మీకూ పరిహారం వస్తుందిలే."

చంకలోని పిల్ల అతని మెడలో వేలాడే కార్డు వైపు చెయ్యి చాచింది. అతను బుగ్గ గిల్లబోయాడు. రత్నం వెనక్కి జరిగింది. మట్టి కంపు కంటే ఆ వేలి సెంటు వాసనే ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది. వైదేహి పటం వైపే చూస్తూ నిలబడింది.

తర్వాత కంపెనీవాళ్ళు పేటకొచ్చారు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని, బీట పెరిగితే తెలియడానికి గోడల మీద గాజు పలకలు అతికించి, "కొద్దిపాటి కదలిక" అని రాసుకుని, కూల్‌డ్రింకు సీసాలు తాగి, ఖాళీ సీసాలు అక్కడే పడేసి పోయారు. ఇంకోసారి వచ్చినప్పుడు అలికిన గోడలు చూసి వాళ్ళ మొహాలు వికసించాయి.

"ఇది మా స్థలంలో వాడే సరుకు. మీరే ఇంటింటికీ మోసుకున్నారు. ఇళ్ళు ఒరిగితే మాకేం సంబంధం?"

ఆదెమ్మ మట్టంటిన చేతులు కొంగులో దాచుకుంది. జీవితంలో మొదటిసారి.

ఎండ నడినెత్తికొచ్చిన వేళ నేల పెద్దగా జరిగింది. రత్నం పిల్లతో కుళాయి దగ్గరుంది. చప్పుడేమీ రాలేదు. బిందెలో నీళ్ళు ఒక పక్కకి వొలికాయి, అంతే. తలెత్తి చూస్తే తన ఇల్లు మూల నుంచి మూలకి మెలిదిరిగి, గుమ్మం పళ్ళు బిగించుకున్న నోరులా అయిపోయింది. లోపల మంగ నిద్రపోతోంది.

"ఒదినా, తలుపు రావట్లేదు. కింద నీళ్ళొస్తన్నాయి ఒదినా."

సింహాద్రి పడవ దగ్గర నుంచి గునపంతో పరిగెత్తుకొచ్చాడు. తలుపు చెక్క పగిలింది గానీ వంకరపోయిన ద్వారబంధంలో మనిషి పట్టే సందు లేదు. గోడ పొడిచాడు. గునపం టంగుమని ఎగిరి అతని భుజానికే తగిలింది. మట్టిగోడే అది. ఒకప్పుడు కుక్క కాళ్ళతో గీకితే రాలేది. వారం వారం తన తల్లి అరచేత్తో అలికి అలికి దాన్ని కొండరాయి చేసింది.

"ఏం పూశావే అమ్మా దీనికి?" అన్నాడు. ఆదెమ్మ గోడకి తల ఆనించి కూర్చుండిపోయింది.

"పైకెక్కు మావా, రేకులు తీసెయ్" అంది రత్నం. అతను పైనుంచి రేకు ఎత్తుతుంటే కింద పట్టుకునేవాళ్ళు లేరు. పిల్లని కింద కూర్చోబెట్టి రెండు చేతులూ రేకుకి వేసింది. పిల్ల పుట్టాక ఆ వాకిట్లో దాన్ని కింద పెట్టడం అదే మొదలు.

మంగను తాళ్ళేసి పైకి లాగారు. నిండు కడుపుతో, పచ్చనీళ్ళలో పిక్కల దాకా తడిసి, ఏడుస్తూ నవ్వుతూ, "అన్నయ్యా, వల్లో పడ్డ తాబేల్లాగున్నాను కదా" అంది. ఆమె క్షేమంగా దిగేదాకా రత్నం వెనక్కి చూడలేదు. చూసేసరికి మోక్షిత పగులు దగ్గర కూర్చుని ఉంది. గడ్డం దాకా బూడిదరంగు. చెంపలు రెండూ ఉబ్బి ఉన్నాయి.

రత్నం వేలు పెట్టి గెలికింది. జిగటగా, వెచ్చగా, ముద్దలు ముద్దలుగా వచ్చింది. తన కడుపులోది తన నోటిలోకి వస్తుంటే మింగుతూ, గెలుకుతూనే ఉంది. పిల్ల గుటకేసింది. ఒక ముద్ద లోపలికి పోయింది.

పేటవాళ్ళందర్నీ తుఫాను షెల్టర్‌కి తోలారు. రత్నం మాత్రం పిల్లని ఎత్తుకుని తడిచీరతోనే ల్యాబుకి వెళ్ళింది. వైదేహి పెట్టెలు సర్దుకుంటోంది. పర్రపేటలో పని ఆపేశారట, యంత్రాలన్నీ ఇంకో రేవుకి పోతున్నాయట.

"నా పిల్ల తినేసిందండి. తోడు తినేసింది." రత్నం పిల్ల నోరు తెరిచి చూపించింది. "కడుపులో తోడుకుంటుందా అండి?"

వైదేహి పిల్ల నోరు చూసింది, కడుపు నొక్కి చూసింది. కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. "భయపడకు. మన కడుపులో పులుపుంటుంది. ఆ పులుపులో అది గట్టిపడదు. ఒక్కసారి తింటే ఏమీ కాదు, బయటికి పోతుంది. ఆస్పత్రికి నేనే తీసుకెళ్తాను పద."

రత్నం గోడకి చేరగిలబడింది. ఎన్ని నెలలుగానో మోస్తున్న బరువు భుజాల మీంచి జారినట్టైంది. పిల్ల ముద్దుగా తేన్చింది. ఆ కంపుకి కూడా ఆ క్షణంలో ఆమెకు నవ్వొచ్చింది.

"మరెక్కడ గట్టిపడుతుందండి?" అంది, ఊరికే అడిగినట్టు.

"పులుపు లేకుండా ఉప్పగా ఉండాలి. వెచ్చగా ఉండాలి. గాలి తగలకూడదు. నేల లోపల అలాగే ఉంటుంది కదా." వైదేహి పెట్టెకి టేపు అంటిస్తూ ఆగింది. "మీ ఇంట్లో ఇంకెవరైనా తిన్నారా?"

"లేదండి" అనబోయింది రత్నం.  మంగ పళ్ళ కింది కరకర చెవుల్లో వినపడింది. మొహం తిప్పుకుని లేచి బయటికి పోయిన మధ్యాహ్నాలన్నీ ఒక్కసారిగా ఎదురొచ్చి నిలబడ్డాయి.

"మా ఆడబిడ్డ అండి. కడుపుతో ఉంది. ఎనిమిదో నెల పడింది."

"ఎప్పుడైనా ఒకసారా?"

"రోజూ అండి."

వైదేహి చేతిలో టేపు చుట్ట కిందపడి దొర్లింది.  బిడ్డ కడుపులో ఎందులో తేలుతుందో రత్నానికి ఎవరూ బళ్ళో చెప్పలేదు. కానీ ఆమె ఒక బిడ్డను కన్నది. ఉమ్మనీరు తొడల మీంచి కారిన రోజు గుర్తుంది. వెచ్చగా ఉంది అది. గాలి తగలని చోటి నుంచి వచ్చింది. పెదవికి తగిలిన చెమటలాగే ఉప్పగా ఉంటుందని మంత్రసాని అంది.

"అక్కడికి చేరుతుందాండి?"

"చేరకూడదు. చేరుతుందని ఎక్కడా లేదు." వైదేహి గొంతు తగ్గింది. "చేరదని కూడా ఎవరం చూడలేదు."

"ఎందుకు చూడలేదండి?"

"నేల ఎంత గట్టిపడుతుందో చూశాం రత్నం. అదొక్కటే చూడమన్నారు. నేనూ అదొక్కటే చూశాను." ఆవిడ తన అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. మొహం వికారంగా పెట్టి ఆ చేతుల్ని ఒంటికి దూరంగా పట్టుకుంది, ఎక్కడ తుడుచుకోవాలో తెలియనట్టు. "ఆ అమ్మాయిని వెంటనే తీసుకురా. స్కానింగ్ తీయించి, ఉమ్మనీరు చూడాలి. ముందుగా తెలిస్తే ఏదో ఒకటి చేయొచ్చు. వెంటనే."

రత్నం షెల్టర్‌కి పరిగెత్తింది. ఆదెమ్మ మెట్ల మీద మూటలు కాపలా కాస్తోంది.

"మంగేది అత్తా?"

"ఈశ్వర్ అట్టుకెళ్ళిపోయాడే. యంత్రాలు లారీ ఎక్కించేశారంట, ఆడూ ఎల్లాలంట. ఇక్కడ ఈ జనంలో పురుడేంటి, అక్కడ కంపెనీ రేకుల గదులిస్తన్నారు, శుభ్రంగా ఉంటాదన్నాడు." ఆదెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పొయ్యి పెచ్చులు మూట కట్టిచ్చాను. అక్కడి మట్టి ఎలాగుంటాదో ఏంటో, దానికి తినాలనిపిస్తాది కదా."

 అత్తని తిట్టడానికి నోరు తెరిస్తే రత్నం ముందు తనని తానే తిట్టుకోవాల్సి వచ్చేది. పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఈశ్వర్‌కి ఫోన్ చేసింది. అందుబాటులో లేదంది. మంగ ఫోను ఆ పచ్చనీళ్ళలోనే పోయింది. కంపెనీ ఆఫీసులో అడిగితే యంత్రాలవాళ్ళు కాంట్రాక్టరు మనుషులు, మాకు తెలీదన్నారు. కాంట్రాక్టరు ఏ రేవో చెప్పలేదు, పని రహస్యమట. వైదేహి తన ఉద్యోగం వదిలేసి తెలిసిన చోటల్లా అడుగుతోంది. సింహాద్రి పడవ తోటివాళ్ళకి అప్పగించేసి ఒడ్డు పట్టుకుని ఊరూరా తిరుగుతున్నాడు. మోక్షిత ఇప్పుడు నడుస్తోంది. షెల్టర్ సిమెంటు నేల మీద తప్పటడుగులు వేస్తుంటే రత్నం చూస్తుంది గానీ, చూపు అక్కడ నిలవదు.

మీ ఊరు సముద్రానికి దగ్గరైతే, అక్కడ మెత్తటి నేల గట్టిచేస్తున్నారని విన్నా, ముక్కుకి ఆ పాలవిరుగుడు కంపు తగిలినా, ఒక్కసారి ఆ పనివాళ్ళ రేకుల గదుల దాకా వెళ్ళండి. ముక్కు మూసుకుని వెనక్కి రాకండి. మంగతాయారు అనే పిల్ల ఉందేమో అడగండి. చామనఛాయ, ప్రతి మాటకీ నవ్వుతుంది, మొగుడు ఈశ్వర్ గొట్టం యంత్రం నడుపుతాడు. నెలలు నిండాయి. కనిపిస్తే మీ వెంట ఆడవాళ్ళనెవరినైనా పిలుచుకుని, కడుపు మీద చెయ్యి పెట్టనిమ్మని అడగండి. పెట్టి కాసేపు ఆగండి. లోపల బిడ్డ కదులుతోందో లేదో చూడండి.